కేకు మీద గులాబీ

నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరు. పిజ్జా కొట్టు పక్కనే మార్లిస్ దుకాణం. కడుపులో ఉన్న బిడ్డల బొమ్మలు స్కాన్‌తో తీసి, జ్ఞాపకంగా ఫ్రేము కట్టి ఇస్తుంది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కోడలు కొరీన్ ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది.

"కూర్చోమంటుంటే కూర్చోవేం? మావాడు ట్రెవర్ ఏడీ?"

"కార్లో ఉన్నాడు. దిగనంటున్నాడు."

"వాడికేమొచ్చింది? సరే, డాక్టరేమంది?"

"బిడ్డ తల మధ్యలో ఒక నరం ఉబ్బిపోయిందట, అత్తయ్యా. సన్నసన్నటి నాళాల మీదుగా మెల్లగా పోవాల్సిన రక్తం అడ్డదారిన వచ్చి అందులో పడుతోందట. అంత రక్తాన్ని తోడలేక గుండె అలిసిపోతోందట."

"అయ్యో... మరి?"

"డెన్వర్లో పెద్దాసుపత్రిలో కనాలి. పుట్టాక తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి ఆ దారి మూస్తారట. అదీ గుండె అప్పటిదాకా నిలబడితే. ఇప్పటికే వాచిపోయింది."

"నిలబడుతుందిలే. మన ఇంటి బిడ్డ, గట్టిపిండం."

"నెల కిందటే తెలిసుంటే అప్పుడే గుండెకి మందు మొదలుపెట్టేవాళ్లమంది."

"నెల కిందట ఎవరికి తెలుస్తుందమ్మా? ఐదో నెల స్కాన్‌లో ఆసుపత్రివాళ్లకే కనపడలేదు."

"అప్పటికి కనపడదట. ఆఖరి నెలల్లోనే బయటపడుతుందట. నెల కిందట నన్ను చూసింది మీరే. నా బేబీ షవర్ వేడుకకి ముందు రోజు. కేకు మీద అచ్చు వేయించడానికి బిడ్డ బొమ్మ కావాలని పడుకోబెట్టారుగా."

"నేను తీసేది ముక్కూ మూతీ. ఇది వైద్యం కాదని గోడ మీద బోర్డుంది, చూడు..."

"బోర్డు సంగతి నేనడగలేదు. ఈ కొట్టు తెరవకముందు ఆసుపత్రిలో మీరు చేసిన పని ఈ స్కానింగే. ఏమన్నా కనపడిందా?"

"ఏమీ కనపడలేదు."

"రంగులు పెట్టారా? రక్తం పారేది తెలిసే రంగులు?"

"రంగులా? రంగులెందుకు పెడతాను నేను?"

"పెట్టారా లేదా?"

"లేదు. లేదంటే లేదు. ఎందుకిలా పీక్కుతింటావు?"

"మరి కేకు మీద, సరిగ్గా బిడ్డ తల మీద, ఆ క్రీము గులాబీ ఎందుకు పెట్టించారు?"

"అందంగా ఉంటుందని. గులాబీ కూడా తప్పేనా ఇప్పుడు? ట్రెవర్నడుగు, వాడే చెప్తాడు."

"అడిగాను. అమ్మకేం తెలుసు, ఆవిణ్ణి కదపకు, ఇంటికి పోదాం అన్నాడు. కారు నేనే ఇటు తిప్పాను."

"మంచి మాటే చెప్పాడు. పద, ఇంటికెళ్లి పడుకో."

"పడుకుంటాలెండి. ముందు ఇది చూడండి. ఆ రోజు ట్రెవర్ గోడ మీది తెరని ఫోన్లో వీడియో తీసి నాకు పంపాడు. నేను అప్పుడే మా అక్కకి పంపాను. ఇందాక అడిగితే అక్క మళ్లీ పంపింది. ఇదిగో, ఎర్రగా, నీలంగా సుడి. ఇక్కడ మీ చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ రంగు తీసేశారు. 'చాల్లే, కాలివేళ్లు చూద్దాం' అంటున్నారు. ఇది మీ గొంతు కాదూ?"

"మీ అక్కకి పంపావా?... ఇద్దరి ఫోన్లలోనూ తుడిచేశాను, ఇక ఎక్కడా లేదన్నాడే ట్రెవర్."