జొన్నదంట్ల కుండ

ఆ రోజు ఇంట్లో ఉన్నది అవ్వ కాశమ్మ, మొన్న ఈనిన మేక, దాని రెండు పిల్లలు, పడసాల మూల గుడ్డ కట్టిన ఒక కుండ. నాయనా అమ్మా గొర్రెల వెంట నల్లమలకు పోయి ఇరవై రోజులయింది. పద్నాలుగేళ్ల రాఘవమ్మ ఇంట్లో లేదు. వెనక తలుపు అవతల, నెలనెలా ఆడవాళ్లు మూడు రోజులు కూర్చునే గుడిసెలో ఉంది. అది మూడో రోజు.

“గుడ్డ తీసి చూసినావా అవ్వా?”

“చూసినాలే.”

“ఎప్పుడు?”

“పొద్దున.”

“బుడగలు వస్తా ఉండాయా?”

“వస్తాయి, పోతాయి. సంగటి తిన్నావా?”

“తిన్నా. చెవి పెట్టి వినమన్నా గదా. సన్నంగా చిటచిటమంటది.”

“నువ్వు అరిస్తేనే నాకు సగం ఇనపడదు. కుండ మాట్లాడితే ఇనపడతదా?”

“వాసన ఎట్లుంది?”

“కంపు. మేక గూడా అటు పోవడం లేదు.”

“పుల్ల వాసననా, కుళ్లు వాసననా?”

“కంపులో రకాలేందే పిల్లా? గోవిందయ్య ఎద్దులు తిని గాట్లో వదిలిన జొన్నదంట్లు. ఎత్తి దిబ్బలో పడేసేటివి. అవి తెచ్చి, దంచి, ఉడకబెట్టి, మన కలి కుండలో పులిసిన గంజినీళ్లు పోసి, పది దినాలుగా చంటిబిడ్డను చూసినట్ల చూస్తా ఉండావు.”

“ఆ పులిసిన నీళ్లలో కంటికి కనపడని పురుగులుంటాయంట. దంట్లలో తీపిని తిని పులుపు చేస్తాయి. పులుపు ఎక్కువైతే ఆ పులుపులోనే చస్తాయి. అందుకే రోజూ ఒక గరిటె సుద్దపొడి వెయ్యమన్నా. సుద్ద పులుపును పట్టుకుంటే అడుగున తెల్లగా ఉప్పు మాదిరి పేరుతుంది. ఎముకల మందులోకి వాడతారంట. బళ్లో యేసుదాసు అయ్యవారు చెప్పినాడు.”

“పురుగులు చేసిన మందు ఎవరు మింగుతారే?”

“రోజూ కలి తాగేటోళ్లందరూ మింగుతా ఉండారు. కలిని పులవబెట్టేదీ ఆ పురుగులే.”

“థూ. ఇప్పుడే గిన్నెడు తాగి వచ్చినానే.”

“సుద్ద వేసినావా అవ్వా?”

“మేకపిల్ల ఒకటి పాలు పట్టడం లేదు, చెప్పడం మర్చిపోయినా.”

“సుద్ద వేసినావా?”

“వేసినా. మూడు దినాలు మూడు గరిటెలు.”

“నా పుస్తకాల సంచి కింద కాయితం పొట్లం. అదే గదా?”

“పొట్లం ఎందుకు? ఇంట్లోనే ఉంటే.”

“ఏది?”

“తెల్లదే.”

“ఏ తెల్లది అవ్వా?”

“నా ఆకులోకి వేసుకునేది.”

“సున్నమా? సున్నం వద్దని ఎన్నిసార్లు చెప్పినా. ఘాటుకు నీ నోరే పొక్కుతుంది, అవి బతుకుతాయా?”

“మతికి లేదమ్మా. ముసలిదాన్ని.”

“మూడు గరిటెల సున్నమా?”

“ఉండు. వీధిలో ఎవరో పిలుస్తా ఉండారు.”

“అయ్యవారు. గొంతు తెలుస్తా ఉంది. అవ్వా, ఆయనతో...”

“కాశమ్మవ్వా, రాఘవమ్మ తయారైందా?”

“అయ్యవారూ, పిల్ల లేదే. కురిచేడుకు పోయింది, పెద్దమ్మ ఇంటికి.”

“ఇయ్యాల పోవాలని తనకు తెలుసు గదా? ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేళ్లయితే, మార్కాపురంలో ఆడపిల్లలకు హాస్టలు ఇప్పటికి తెరిచినారు. ఒక్క చోటే మిగిలింది, ముగ్గురు అడుగుతా ఉండారు. హెడ్మాస్టరు సాయంత్రం దాకా మనకోసం ఉంటానన్నాడు. కుండ చూపించి ఎట్ల చేసిందో తన నోటితో తను చెబితే చాలు, చోటు తనదే. రేపటికి వేరేవాళ్లకు పోతుంది.”

“పిల్ల లేకపోతే నేనేం చేసేది నాయనా?”

“కుండ బాగా పొంగుతా ఉందా?”

“ఉంది, ఉంది.”

“గంటలో బస్సు. అందాకా సోడా అంగడి కాడ ఉంటా. వస్తే పంపించవ్వా.”

“వస్తే పంపిస్తా.”

“పోయినాడా?”

“పోయినాడు.”

“ఎందుకు అట్ల చెప్పినావు?”

“ఇంకెట్ల చెప్పేది? పిల్ల బయటుందని మగమనిషికి చెప్పేదా? అంత ఆశ ఉంటే, ఇక్కడుండా అయ్యవారూ అని నువ్వే ఒక కేక వేయకపోయినావా?”

“ఈ గుడిసెలో నుంచా? ఎక్కడున్నానో ఆయనకు తెలుస్తుంది గదా.”

“అదే మరి. బళ్లో పక్కపిల్లతోనే మాట్లాడవు, హెడ్మాస్టరు ముందర ఏం మాట్లాడతావు?”

“మాట్లాడతా. మూడు దినాలుగా ఈ గోడకు చెప్పుకుంటా ఉండా. తప్పు లేకుండా వస్తా ఉంది.”

“గోడ ఏమన్నది?”

“ఎగతాళి చేయొద్దవ్వా. తలుపు పూర్తిగా తెరువు, నేను లోపలికి వస్తా. మొదటి ఏడు దినాలు సుద్ద నేనే వేసినా, అడుగున ఎంతో కొంత పేరుకొనుంటుంది. పైన సున్నం నీళ్లు వంచేసి, కొత్తగా కలి పోసి ఎత్తుకొని పోతా. చాలు.”

“గడప తొక్కినావంటే చూడు. రేపు తలకు పోసుకున్నాకే రావాలి.”

“రేపు చోటు ఉండదు. ఇన్నావు గదా.”

“కుండతో పనేముంది? కంచె పక్క నుంచి పో, పోతే.”

“కుండ లేకుండా పోయి ఏం చూపించేది? నా మొగం చూసి చోటిస్తారా?”

“బయటున్న మనిషి చెయ్యి పడితే పులవబెట్టిన కుండ చెడుతుందే. ఊరగాయకే బూజు వస్తుంది.”

“చెడదు.”

“అయ్యవారు చెప్పినాడా?”

“లేదు. నేను చూసినా.”

“ఏం చూసినావు?”

“కోప్పడొద్దు అవ్వా. పోయిన నెల నేను గుడిసెలోకి రాలేదు. పరీక్షలుండె, ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనే తిరిగినా, కలి కుండలో చెయ్యి పెట్టినా. మూడు దినాలూ నీకు ముంచి ఇచ్చింది నేనే. బాగుందని నువ్వు రెండో గిన్నె అడిగినావు. కుండ చెడిందా?”

“మేకపిల్ల అరుస్తా ఉంది, చూసొస్తా.”

“మాట మార్చొద్దు. కొట్టాలనుంటే కొట్టు. తలుపు మాత్రం తెరువు.”

“పోయిన నెల గడ్డివామిలో నువ్వు దోపిన మైలగుడ్డ మళ్లా ఎప్పుడన్నా వెతికినావా?”

“వెతికినా. దొరకలేదు.”

“నేనే ఉతికి ఆరేసినా.”

“నీకు తెలుసా?”

“ఆ దినమే తెలుసు.”

“తెలిసి కలి తాగినావా?”

“పుల్లగా బాగుండె. తాగినా.”

“ఇంకెందుకు అడ్డం నిలబడినావు మరి?”

“అప్పుడు మీ యమ్మ ఉండె, నాయన ఉండె. ఇంట్లో మనుషులుండిరి.”

“వానలు పడితే వస్తారు గదా.”

“వస్తారు. మళ్లా ఎండాకాలం పోతారు. నువ్వూ పోతే నేను మేకతో మాట్లాడేదా?”

“సెలవులకు వస్తా అవ్వా.”

“ఈ మూడు దినాలు గంటకొకసారి అవ్వా అవ్వా అని పిలిచినావు. కుండ కోసమే లే, నాకు తెలుసు. అయినా పిలిచినావు.”

“సున్నం... మతికి లేక గదా వేసినావు?”

“మతికి ఉండే వేసినా.”

“అవ్వా, తలుపు వదులు. గంట గూడా లేదు.”

“చెయ్యి తియ్యమ్మా, తలుపు రెక్క సందులో నలుగుతుంది. బస్సు పోయినాక తీస్తా.”