మెల్లగ మాట్లాడక్కా

హలో… ఆ, నేనే, కళను. మెల్లగ మాట్లాడక్కా, బాబు పండుకున్నడు.

…లేదు, ఏడుస్తలేను. జలుబు చేసింది.

…సరే, ఏడ్సిన. ఉమక్కా, ఈ అరబ్బుల దేశంల, ఈ మనామాల నీకు గాక ఎవ్వరికి చెప్పుకోవాలె నేను?

…రేపు పొద్దుగాల నన్ను మేడమ్ వాళ్ల అక్క ఇంటికి పంపుతున్నరు. ఆడ వంట పనట. ఇక్కడ బాబును ఇగ ఇరమ్ చూస్కుంటదట.

…అదే, బోధన్ ఇరమ్. రంజాన్ ముందు వచ్చింది సూడు. బట్టలు ఇస్త్రీ చేసెతందుకని పెట్టుకున్నరు దాన్ని. ఇప్పుడు బాబునే గుంజుకున్నది. ముందొచ్చిన చెవుల కంటె వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు గదా, గట్లయింది నా బతుకు.

…నేనేం చెయ్యలేదక్కా. అంతా ఆ తుపాకి చేసింది.

…నవ్వకు. నిజంగనే తుపాకి. పిట్టల్ని కొట్టేది లేదా, ఎయిర్‌గన్. మేడమ్ తమ్ముడు పెరట్ల గోడ మీద ఖాళీ డబ్బాలు వరుసగ వెట్టి కొడ్తుంటడు. కొట్టినప్పుడల్ల ఠప్పుమంటది. బాబు నిద్ర పాడైతదని మేడమ్ రోజు వాన్ని తిట్టుడే.

అందుకని వాడు సప్పుడు తగ్గించే గొట్టాలు తెప్పించిండు. సైలెన్సర్లంటరట. తుపాకి మూతికి మర దిప్పి బిగిస్తడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఒకటి చాయ్ ఫ్లాస్కంత లావు. ఏది మంచిగున్నదో చూసి అదొక్కటి ఉంచుకుంటడట, కడమయి వాపస్ ఇస్తడట.

…ఆ, ఫోన్ల సప్పుడు కొలిచేది ఉంటదట, కొలిచిండు గూడ. మేడమ్ ఒప్పుకోలే. నీ ఫోన్ ముచ్చట నాకెందుకు, నా కొడుకు ఏ గొట్టానికి లేవడో అదే మంచి గొట్టం అన్నది.

…గట్లనే మొదలైంది లొల్లి.

…మొన్న గురువారం, తిన్నంక. బాబును ఒళ్లె పండవెట్టుకొని నేను కిటికి కాడ కూసున్న. మొదలు గొట్టం లేకుంట ఉత్త తుపాకి కొట్టిండు. ఠప్పుమన్నది, బాబు లేశిండు. సరే, లేస్తడు. జోకొట్టి మళ్ల పండవెట్టిన. పొట్టి గొట్టం వెట్టిండు. సప్పుడు సగానికి తగ్గింది, గాని బాబు లేశిండు. పొడుగుదానికి ఎట్లుందంటె, ఎవలో పుస్తకం మూసినట్టు. అయినా లేశిండు. లావుదైతె తుమ్ము ఆపుకున్నట్టు, గంతే. దానికి గూడ ఉలిక్కిపడి లేశిండు.

…ఏమో. నేనైతె కన్ను తియ్యకుండ తుపాకి మీద మేడమ్ తమ్ముని వేలు దిక్కే చూస్తున్న. ఇగ నొక్కుతడు, ఇగ నొక్కుతడు అని. వాడు నొక్కంగనే నా పానం జల్లుమనేది, పెయ్యంత అదిరేది.

…ఆగు, అసలు సంగతి చెప్పనీ.

నిన్న ఇరమ్ నోరు తెరిచింది. కళక్క ఒళ్లె బాబుకు నిద్ర పట్టది మేడమ్, నేను పండవెట్టుకుంట అని. అరబ్బీల చెప్పింది, బెల్లం పాకం పోసినట్టు. నాకు సగం సగమే వస్తది అరబ్బీ. వచ్చినా గట్ల మాట్లాడరాదు నాకు.

…కూసున్నది. కిటికి దిక్కు చూడనే లేదు. గోడ దిక్కు మొఖం చేసి, కండ్లు మూసుకొని, తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్నది తాపీగ. వాడు లావు గొట్టం కొట్టిండు, బాబు కదల్లే. పొడుగుది, కదల్లే. పొట్టిది, కదల్లే. ఇగ వానికి నవ్వొచ్చి గొట్టం మొత్తమే తీసేసి కొట్టిండు.

…లేవలే.

…ఉత్త తుపాకే అక్కా, చెప్తున్న గదా. గోడ మీది పావురాలన్ని లేశి పోయినయి. పక్కింటి డ్రైవర్ గేటు తెరిచి తొంగి చూసిండు. వీడు మాత్రం దాని ఒళ్లె మూతి తెర్చుకొని పండుకున్నడు.

మేడమ్ దాన్ని దగ్గరికి తీసుకొని నెత్తి మీద ముద్దు వెట్టింది. దాని ఒడిల బరకత్ ఉన్నదట, దేవుని దీవెన. తమ్మునితోటి ఏమన్నదో ఎరుకనా? మూడు గొట్టాలు వాపస్ ఇయ్యి, ఇరమ్ ఉండంగ గొట్టం ఎందుకు అన్నది. ఇగ నా దిక్కు తిరిగి, కళా, నీ మనసు నిలకడగ ఉండది, అది బాబుకు తెలుస్తది అన్నది. ఖలాస్. గంతే. రేపటికెళ్లి నాకు వంటిల్లు.

పుట్టిన కాడికెళ్లి సాకిన వాన్ని. చలికాలంల అంత జ్వరమొస్తె ఆస్పత్రిల కూసున్నది నేను గాదా? అప్పుడు ఈ ఇరమ్ యాడున్నది? ఇప్పుడు కూరల కరివేపాకు లెక్క తీసి పక్కన వెట్టిన్రు నన్ను.

…ఆ, ఓర్వలేకనే. నేను ఓర్వలేకనే అంటున్న, దాచుకునేది ఏమున్నది? అది వాని బట్టలు మడత వెడ్తె, మళ్ల ఇప్పి నేను మడత వెడ్తున్న. గంత మండుతున్నది నాకు.

…అడిగిందే అడుగుతున్నవేందక్కా. అవ్, గొట్టం లేకుంటనే. అవ్, లేవలే. రెప్ప గూడ కదల్లే.

…ఇంటి బెల్లా? బెల్లుకు లేవడు. మొదట్ల లేస్తుండె. జ్వరం తగ్గినకాడికెళ్లి లేస్తలేడు. మిక్సీకి లేవడు, ఊడ్సే మిషన్‌కు లేవడు. నేనే గట్ల అలవాటు చేసిన. మేడమ్ గూడ మెచ్చుకున్నది అప్పుడు.

…పిలుస్తె ఎందుకు రాడు? నేను పిలుస్తె నవ్వుకుంట పాకొస్తడు. ఇరమ్ పిలుస్తె తల గూడ తిప్పడు. అది వంటింట్లకెళ్లి నోరు పొయ్యేదాక పిలుస్తది, వీడు బొమ్మ వట్టుకొని ఆడుకుంటనే ఉంటడు. అప్పుడు నాకెంత సంబరమైతదో.

…నేనా? నేను ఎదురుంగ కూసుండి పిలుస్త. చేతులు చాపి.

…వెనకకెళ్లి? వెనకకెళ్లి ఎందుకు పిలుస్త?

…మీ లింగన్న కొడుకా? వానికేమైంది?

…జ్వరమొచ్చినంకనేనా.

…ఏందక్కా, మా బాబు గూడ గట్లనే అంటవా?

…అట్లనకు. నోట్లె మాట నోట్లెనే వెట్టుకో. మా బాబుకు అన్ని ఇనవడ్తయి. నేను పాడుతె ఇంటడు. రోజు ఇంటడు. నా గొంతు మీద చెయ్యి వెట్టి, నా మూతి దిక్కే చూసుకుంట…

గొంతు మీద చెయ్యి వెట్టి…

…ఉన్న. ఉన్నక్కా.

…అంటె మొన్న నా ఒళ్లె లేశింది తుపాకికి గాదు. నేను అదిరితె లేశిండు. ఇరమ్ అదరలే, గందుకే పండుకున్నడు. ఒడి గాదు, బరకత్ గాదు… అయ్యో నా తండ్రీ.

…ఎట్ల చెప్తనక్కా? రేపు పోయేదాన్ని. ఇయ్యాల పోయి మీ బాబుకు చెవులు ఇనవడ్తలేవు అంటె ఏమంటరు? ఇరమ్‌ను చూసి ఓర్వలేక పిల్లగానికి వంక వెడ్తున్నది అంటరు. టికెట్ చేతుల వెట్టి ఇంటికే తోలుతరు.

…దావఖానకు తీస్కపోవాలె, ఎరుకే. ఎంత జల్దిన పోతె అంత మంచిదా? లింగన్న ఆగిండా? ఆగి ఆగం జేసుకున్నడా?

…ఎవల్ని? ఇరమ్‌నా? దాన్ని పోయి నేను బతిలాడాల్నా?

…అవ్. అది చెప్తె ఇంటరు. ఇప్పుడు ఇంట్ల దాని మాటకే ఇలువ. గాని అదెందుకు చెప్తదక్కా? చెప్తె దాని ఒడిల బరకత్ పోతది గదా. దాని నోటితోని అదే చెప్పుకుంటదా?

…అవ్. దానికి గూడ ఊర్ల బిడ్డ ఉన్నది.

…సరే. నువ్వన్నట్టే దాన్ని గట్టిగ పిలుస్త. ఫోన్ మంచం మీద వెడ్తున్న, కట్ చెయ్యకు. బాబు తల కాడనే నిలవడ్డ.

ఇరమ్.

ఇరమ్. ఓ ఇరమ్. ఇటు రావే. ఇరమ్…

…ఆ, ఉన్నవా అక్కా? ఇన్నవా నా మొత్తుకోలు? పక్కింటికి గూడ ఇనవడ్డది కావచ్చు.

…లేదు. గట్లనే పండుకున్నడు. మూతి తెర్చుకొని.

…ఇరమా? ఉరికొచ్చింది. తలుపు కాడ నిలవడి, నోటి మీద వేలు వెట్టుకొని నన్ను బెదిరిస్తున్నది. మెల్లగ, బాబు లేస్తడు అంటున్నది.

…ఫోన్ వెడ్తున్నక్కా. ఇగ దీనికి చెప్పాలె.