నేను కడిగేసిన నోటు

సభాధ్యక్షులు మెస్యే లఫోర్ గారికీ, వేదిక మీది పెద్దలకీ, వెనక వరుసలో అప్పుడే బీరు మూతలు తీస్తున్న అర్రాస్ ఊరి మిత్రులకీ నమస్కారాలు. (నవ్వులు) ఇరవై రెండేళ్లుగా ఈ పాత నోట్ల సేకర్తల సంఘంలో ఏ నోటు అసలుదో, ఏది నకిలీదో తేల్చే పని నాకప్పగించారు. ఇవాళ ఆ భూతద్దం కింద పెట్టేసి వెళ్లిపోయేముందు మీతో ఒక మాట చెప్పాలి.

మనం దాచుకునేవి ఎలాంటి కాగితాలండీ! అరవై ఏళ్ల కిందట, పందొమ్మిది వందల పదిహేనులో, జర్మన్ సైన్యం మన ఉత్తర ఫ్రాన్స్‌లో మకాం వేసి, చిల్లర మాయమైపోతే, ఊరూరా ఎవరి నోటు వాళ్లే వేసుకున్నారు. బడి పుస్తకాల అట్టలు కత్తిరించి, చేత్తో రాసి, ఊరి ముద్ర వేసి, మేయరు సంతకం పెడితే దానికి రొట్టె దొరికింది. ఏ బ్యాంకూ పూచీ పడలేదు. ఇప్పటికీ ఒక్కోటి చేతిలోకి తీసుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అలాంటి యాభై సెంటీముల, అంటే అర ఫ్రాంకు, నోటొకటి పదకొండేళ్ల కిందట మదాం జెలీ ఈ హాల్లోనే నా ముందు పెట్టారు. వాళ్ల ఊరిది, అప్పటి మేయరైన వాళ్ల నాన్న సంతకంతో. వెనక గోధుమరంగు వలయం, యుద్ధకాలంలో కాఫీకి బదులు తాగిన చికోరీది. మన జబ్బు మీకు తెలిసిందే, మరక కనిపిస్తే చేతులు ఊరుకోవు. (నవ్వులు)

"కడగకు బాబూ, అది మా అమ్మ కప్పు," అన్నారావిడ.

"ఏం మదాం, చికోరీ మరకకి కూడా మ్యూజియం కట్టిద్దామా?" అని వేళాకోళమాడి, గోరువెచ్చటి నీళ్లలో ముంచేశాను. ఆరబెట్టి చూస్తే వలయం పోయింది, ఊరి ముద్ర మాత్రం ఎక్కడా లేదు. నకిలీ అని రాసిచ్చాను. ఆవిడ మళ్లీ ఇటు రాలేదు.

పోయిన నెల ఆ ఊళ్లో పాత రొట్టెల దుకాణం పడగొడుతుంటే గోడలోంచి రేకు డబ్బా బయటపడింది. అందులో నలభై నోట్లు, అన్నిటి వెనకా అదే వలయం! చర్చి ఫాదర్ రాసిన చీటీ కూడా ఉంది: సైన్యం మన ముద్ర పట్టుకుపోయింది కనుక, మేయరు గారి భార్య తన కప్పు అడుగు చికోరీలో ముంచి ప్రతి నోటు మీదా ఒత్తుతుంది, ఇకమీదట అదే మన ముద్ర అని. కప్పు అడుగు, మిత్రులారా! దాన్ని నమ్ముకుని ఒక ఊరు మూడేళ్లు బతికింది. దాన్ని నేనే కడిగేసి, ముద్ర లేదన్నాను.



మదాం జెలీ, నేను పిలవగానే వచ్చారు. మీ నోటు అసలుది. పాడుచేసింది నేను. ఇందరి ముందు మీ అమ్మగారి పనిని అబద్ధమన్నాను, ఇందరి ముందే క్షమించమని అడుగుతున్నాను.

(మూడో వరుసలో మదాం జెలీ లేచి: "పదకొండేళ్లు మా అమ్మని దొంగని చేశావు, ఎవ్రార్. క్షమించడం సంగతి నేనింకా ఆలోచించుకోవాలి. ముందు కూర్చో, ఎంతసేపు నిలబడతావు.")

కూర్చుంటున్నాను మదాం. అందరికీ కృతజ్ఞతలు. సెలవు.