కష్టమైనదే ఇవ్వు

సెమరాంగ్‌లో వెబ్‌సైట్ల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కంప్యూటర్ పాఠాలు చెప్పే అమ్మాయితోనూ అదే అన్నాను.

"ఇప్పటికి ఎన్ని తయారుచేశారు, పాక్?" పెద్దవాళ్లను మా ఊళ్లో అలాగే పిలుస్తారు.

"ఒక్కటీ లేదు. పోటీల్లో కూసే నా గువ్వకు ఒకటి చేద్దామని."

"అయితే ఈ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. బొమ్మలు లాగి పెట్టుకోవడమే, ఒక్క పూటలో వచ్చేస్తుంది."

"తర్వాత?"

"తర్వాత నాతో పనుండదు."

"మరి ఆ పక్కది?"

"అది కోడ్ రాసేవాళ్లకు. మీకైతే ఏడాది పడుతుంది. మీ గువ్వ ఇంకా ముందే నేర్చుకుంటుంది."

"అదే ఇవ్వు."

"ఎందుకు పాక్ అంత కష్టం?"

"ఇంట్లో నాతో మాట్లాడేది ఆ గువ్వ ఒక్కటే, అమ్మాయీ."

ఆమె ఆ పక్కదే తెరిచింది. "సరే, రోజూ రండి."

ఆ 'రోజూ' నేను కల్పించిందే. ఆమె మంగళవారాలు రమ్మంది.