ఆవాల కార్తూసు, సజ్జగింజ కార్తూసు

"మామా, మట్టి బిళ్లల్ని కొట్టే కార్తూసుతోని పిట్టల్ని కొడితే ఏమైతది?"

అడగాల్సినోన్నే అడిగినవ్ అల్లుడా. కూసో. గా చాయ్ ఇటు జరుపు. ఈ యాన్బు సముద్రం కానుంచి మదీనా గుట్టల దాక నా చేతుల వడ్డన్ని పిట్టలు ఇంకెవ్వని చేతుల వడలే, ఫోన్ల రికార్డు చేసుకో. షేకులు, షేకుల కొడుకులు, నల్లద్దాలోళ్లు, అందర్ని తెచ్చి నా ముంగట నిలవెట్టు... ఆఁ, వడ్డయంటే, వాళ్లు కొట్టినంక నా చేతులకొచ్చి వడ్డయ్. కొట్టుడు వాళ్లది, ఈకలు పీకుడు నాది. ఏం నవ్వుతవ్ రా! కొట్టినోనికి పిట్ట మీదికెంచే కనవడ్తది. వంటోనికి లోపల కనవడ్తది. ఏ కార్తూసు కొట్టిండో, ఎంత దగ్గర్నుంచి కొట్టిండో, ఎంత ఆగమాగం మనిషో, బొచ్చు తీస్తే చెప్త.

నువ్వు మొన్న వచ్చినవ్. ఈ తోటల బిళ్లలిసిరే మిషిని కాడ నిలవెట్టిండ్రు నిన్ను. కార్తూసు ఎన్నడన్న ఇప్పి సూసినవా? లోపల మందుంటది, దాని మీద ప్లాస్టిక్ గిన్నె, గిన్నెల ఛర్రలు, అంటే సన్న గుండ్లు. డబ్బ మీద నంబర్ ఉంటది సూడు, అది ఎవడు వెట్టిండో గని ఉల్టా వెట్టిండు. నంబర్ పెరిగినకొద్ది ఛర్ర సన్నమైతది. తొమ్మిదంటే ఆవగింజ. ఆరంటే సజ్జగింజ. నాకు లెక్కలు రావు, పోపులడబ్బ ఎరుక.

బిళ్లకు ఆవాలే మంచిగ. గంతంత బిళ్ల, గాలిల ఉర్కుతది, ఛర్రలు వలోలె పర్సుకోవాలె. ఒక్కటి తాకి పెంకు లేసినా పాయింటే. మందు గూడ తక్కువుండాలె, పొద్దటి సంది కాలుస్తరాయె, భుజం ఉండద్దా? మన కఫీల్, గదే మనకు వీసా ఇచ్చిన షేకు, ఒకపాలి సజ్జగింజలేసి బిళ్లల్ని కొట్టవోయిండు. ఛర్రల నడుమ సందులు, ఆ సందులకెంచి బిళ్ల సలాం కొట్టుకుంట వోయింది. సాయంత్రానికి ఆయన భుజానికి నేనే ఆముదం రాసిన.

పిట్ట గట్ల గాదు, దానికి పానముంటది. దూరంకెంచి ఆవాలేస్తే ఈకలల్ల ఇరుక్కుంటయ్, అది దెబ్బతోని ఎగిరివోయి యాడనో సస్తది, ఎవనికీ అక్కర రాదు. కాళ్ల కాడ లేసిన పూరేడునైతే జరంత దూరం వోనియ్యాలె, సజ్జగింజతోని కొట్టాలె. రెండో మూడో తాకుతయ్, వడ్తది, మాంసం మాంసమోలె ఉంటది. లేసింది లేసినట్టే ఆవాలు గుమ్మరిస్తివా, అది పిట్ట గాదు, జల్లెడ. బిళ్లను పగలగొడ్తరు, పిట్టను తింటరు. మట్టి బిళ్లను ఎవడన్న వండుకుంటడారా? గీ మాట సమజ్ గానోడు జెద్దాల సాంపియన్ అంట! కఫీల్ చెల్లె మొగడు. నువ్వు సూడలే వాన్ని. పసుపుపచ్చద్దాలు, జేబులున్న కోటు, చేతికో తొడుగు. మా తమ్ముడు పెండ్లినాడు గూడ అంత తయారు గాలే. వాని పెండ్లికి నేను ఐదు తులాల... ఆ ముచ్చటొద్దు, పూరేడ్ల ముచ్చట చెప్త.

సర్కారు తస్రీహ్, అంటే పర్మిషన్, ఇచ్చే వేటకాలం అది, సముద్రం దాటి పూరేడ్లొస్తయ్ గద. కఫీల్ నాయిన, పెద్దబాబా అంటం మేము, జెద్దాల కొత్తగ పండ్లు వెట్టిచ్చుకున్నడు. ఆ పండ్లతోని మొదటిపాలి వేటపిట్ట తింటనని వచ్చిండు. ఆయనకు దుకాండ్ల దొరికే ఫ్రీజర్ పూరేడంటే అసయ్యం. "అది తినేకంటే అట్ట నములుత" అంటడు. కఫీల్ నన్ను పక్కకు పిల్సి, "మా నాయిన పంటికింద ఒక్క ఛర్ర తగిలిందనుకో, రేపే నీకు ఖురూజ్" అన్నడు. ఖురూజంటే పంపిచ్చేసుడు, మళ్ల రానిచ్చుడుండదు. ఇంటికాడ బోరు సగందాక వడ్డది, నీళ్లింక వడలే, మీ అత్త రోజు ఫోను. ఈ వయసుల నాకు ఇంకో కఫీల్ ఎవడిస్తడు?

నాకేం భయం గాలే గని. నా కాడ ఉపాయమున్నది. పాత స్పీకర్ పగలగొట్టి తీసిన ముంతంత అయస్కాంతం. కఫీల్ కొట్టేవి ఇనుప ఛర్రలు, సీసం కడుపుల వడద్దని డాక్టర్ చెప్పిండట. ఈకలు పీకి, కడిగి, పిట్ట మీద అయస్కాంతం దిప్పితే యాడున్నయో అవే గుంజుకొస్తయ్. వచ్చినకాడ కత్తిమొన వెట్టి తీసుడే. తోటంత నన్ను హకీమ్ అంటుండిరి.

ఆ పొద్దు కఫీల్‌కు నడుంనొప్పి. వేటకు జెద్దా సాంపియన్ ఒక్కడే వోయిండు. సంచినిండ తెచ్చిండు, మొగోడు. అయస్కాంతం దిప్పిన. ఒక్కటి రాలే. ఇంకోపాలి దిప్పిన. రాలే. "అబ్బ, ఏం గురిరా నాయినా, అన్నీ తలకాయకే కొట్టిండు" అనుకున్న. సూడు నా తెలివి! వాడు వాడింది బిళ్లల కార్తూసు, అండ్ల సీసం. సీసం అయస్కాంతానికి అంటుతదారా? ఇంట్ల బాయిమోటరు ఇప్పి బిగిచ్చినోన్ని, నాకు ఎరుక గాదా? ఎరుకే. ఆ గడియకు యాదికి రాలే.

ఎండునిమ్మకాయలేసి నల్లగ పులుసు వెట్టిన. పిట్టలేసిన. ఉడికిందా లేదాని ఒక కాలు తీసి కొరికిన. కటుక్కుమన్నది. ఆఁ... అంటే, ఛర్ర తగిలింది. ఇప్పి సూస్తే ఇగ ఏం జెప్పాలె, తొడల ఆవాలు, రొమ్ముల ఆవాలు, మెడల ఆవాలు. పోపు వెట్టినోడు గూడ గన్ని వెయ్యడు! మంది మజ్లిస్‌ల కూసున్నరు, జొహర్ నమాజ్ అయిపోయింది. ఎన్నని ఏరుత?

బంగ్లా డ్రైవరున్నడు గద, వాన్ని ఉర్కిచ్చిన. "జల్దీ జా భాయ్, బటేర్ లా, ఫ్రీజర్‌వాలా." వాడు దుకాణంకెంచి ఫ్రీజర్ పూరేడ్లు తెచ్చిండు. సాంపియన్ పిట్టలన్ని పులుసుల కెంచి తీసి అవుతల వారేసిన, ఫ్రీజర్ పిట్టలేసిన, అదే పులుసుల. ఇంకో పులుసు వెట్టే టైం యాడిది?

పెద్ద పళ్లెంల వోసి వాళ్ల నడుమ వెట్టిన. సాంపియన్ ముచ్చట సురువైంది. ఏ పిట్ట ఎట్ల లేసింది, వాడెట్ల మలిగిండు. పెద్దబాబా ఒక పిట్ట తిన్నడు. రెండోది తిన్నడు. ఆగిండు. "ఇవి గింత బలిసినయేంది?" అన్నడు. "ఒక్క ఛర్ర లేదేంది?" నా దిక్కు సూసిండు. "నిజం జెప్పు, ఇవి దుకాణంవా?" కఫీల్ గూడ నా దిక్కే సూసిండు. ఛర్ర ఉంటే ఖురూజ్, లేకుంటే గూడ ఖురూజ్, అయిపాయె నా బతుకు అనుకున్న. సాంపియన్ ఏమన్నడెరుకనా? "నా గురి గట్లుంటది మామా, ఛర్ర తలకాయ దాటదు!" వాని మొకానికి... వాడే సిగ్గువడలే, నేనెందుకు వడాలె?

పెద్దబాబా నమ్మలే. ఇంకో ముద్ద వెట్టుకున్నడు. కటుక్కుమన్నది. అందరం ఇన్నం. కఫీల్ లేసి నిలవడ్డడు. పెద్దబాబా నోట్లకెంచి నల్లటి ఛర్ర తీసి పళ్లెం అంచుకు టింగుమని వెట్టి, పకపక నవ్విండు. "అల్‌హందులిల్లాహ్! వేటపిట్టే! నా పండ్లు గూడ గట్టియే!" నా వీపు మీద సరిచిండు. సాంపియన్‌ను అలుముకున్నడు. వాడు ఇప్పటికి ఆ విందు ముచ్చట జెద్దాల చెప్పుకుంటనే ఉన్నడట, పుణ్యాత్ముడు. మా బోరుల నీళ్లు వడ్డయ్. మంచిగ తియ్యటి నీళ్లు.

"మరి మామా, ఆ ఛర్ర యాడికెంచొచ్చింది? ఫ్రీజర్ పిట్టలాయె."

నీకు మిషిని కాడ పనిలేదా? ... పాడుగాను, అడగనే అడిగినవ్. సల్లంగుండు గని, ఈ మాట తోటల ఎవ్వనికి చెప్పకు. నా ముంగటి పన్ను సగం లేదు సూడు. తుపాకి కుందా ఎన్కకు తన్ని విరిగిందని అందరికి చెప్త. నేను తుపాకి ముట్టిందెక్కడ్రా! ఆ కాలు కొరికిననాడే విరిగింది. మింగిననుకున్న. మింగలే. నల్లటి పులుసుల వడ్డది.