కార్డు మీద తారీఖు

ఢిల్లీలో ఓ పిల్లల ఆసుపత్రి, మధ్యాహ్నం. ఐసీయూలో మూడేళ్ల దీపు ఫ్లూతో ఆక్సిజన్ మీద ఉన్నాడు. బయట బెంచీకి ఆ చివర తల్లి వాసవి, ఈ చివర మినిస్ట్రీలో పనిచేసే తండ్రి రఘునందన్.

"రేపు నేహాని తీసుకెళ్ళేది లేదు. అంతే."

"అది దాని ఫ్లూ టీకా రెండో డోసు వాసూ. రేపటికి నెల..."

"ఏం డోసండీ? వీడికి రెండూ వేయించాం. ఏం ఒరిగింది? మళ్ళీ వీడి చెల్లికి, ఆ ఎనిమిది నెలల పిల్లకి కూడా సూది పొడిపించాలా?"

"టీకా వేసినా ఫ్లూ రావచ్చని డాక్టరమ్మ చెప్పింది కదా."

"రావచ్చంది. రెండూ పడితే మామూలుగా ఇంత ముదరదనీ అంది. అప్పుడు మీరు లేరు, ఫోనొచ్చిందని లేచి వెళ్ళారు. రెండో డోసు వేశారా, కచ్చితంగా వేశారా అని వీడి టీకా కార్డు చూసి మూడుసార్లు అడిగింది. వేశామనే చెప్పాను."

"టీ తెస్తాను. పొద్దుట్నుంచి నువ్వేమీ..."

"నాకేం వద్దు. ఇప్పుడు నేహాని చూసుకుంటున్న ఆ కింది క్వార్టర్ అనసూయ ఆంటీ మొదట్నుంచీ చెబుతూనే ఉంది, ఈ ఫ్లూ సూదులన్నీ దండగని. వింటే కదా నేను."

"దండగ కాదు."

"మరి లోపల వాడి సంగతేంటి?"

"నేహాకి వేయించు వాసూ. దండం పెడతాను."

"ఎందుకంత పట్టుదల? ఇటు చూడండి. రెండ్రోజులుగా నా మొహం చూడటం లేదు మీరు."

"దీపుకి రెండో డోసు పడలేదు."

"ఏంటి?"

"పడలేదు. వేయించాల్సిన రోజు పార్లమెంటు ప్రశ్నలకి జవాబులు వెళ్ళాలి, సెలవివ్వలేదు. టీకా కార్డు నిండితేగానీ వాణ్ణి చేర్చుకోనంది ఆఫీసు క్రెష్‌లో పిల్లల్ని చూసే దీదీ. మా సెక్షన్లో అలవాటే కదా, ముందు ఫైల్లో అయిపోయిందని రాసేస్తాం, పని తర్వాత చేస్తాం. అలాగే తారీఖు రాసేశాను. డాక్టరు సంతకం కూడా నేనే గీశాను. శనివారం తీసుకెళ్దామనుకున్నా."

"ఏ శనివారం?"

"ఆ శనివారం వాడికి జలుబు. ఆ తర్వాతి వారం... తర్వాత మర్చిపోయాను."

"మర్చిపోయారు."

"ఈ టీకా మొదలుపెట్టిన ఏడాది ఇంత చిన్నపిల్లలకి ఒక్క డోసు చాలదు. తప్పు టీకాది కాదు, నాది. డాక్టరమ్మకి ఇప్పుడే వెళ్ళి చెబుతాను. నన్నేమన్నా అను, నేహాని మాత్రం..."

"ఉండండి, ఆంటీ ఫోను. హలో. చెప్పండి ఆంటీ... దగ్గా? ఎప్పట్నుంచి?... ఒళ్ళు కాలుతోందా?... పాలు తాగిందా?... ఠీక్ హై ఆంటీ, ఎత్తుకునే ఉండండి. వచ్చేస్తున్నా."

"నేహాకేనా? నేను వెళ్ళి తీసుకొస్తాను. నువ్విక్కడే..."

"కూర్చోండి."

"వాసూ, టైం లేదు."

"కూర్చోండి. ఒక్కటే అడుగుతాను, చెప్పి వెళ్ళండి. కిందటి నెల నేహా మొదటి డోసుకి కూడా మీరే తీసుకెళ్ళానన్నారు. దాని కార్డు మీద తారీఖు ఎవరు రాశారు?"