సాక్ష్యంలో ఎద్దు

బర్మామైన్స్‌లో ఉక్కు ప్లాంట్ పక్కన, తెలుగు కూలీల బస్తీలో రేకుల కప్పు ప్రార్థన హాలు, దాని వెనక చిన్న గది. ఆదివారం తరగతి మధ్యలో ఆగింది. గదిలో బలరామ్ మాస్టారు, ఆయన భార్య సరస్వతమ్మ, ఆయన తెలుగుని హిందీలోకి మార్చి చెప్పే సౌరభ్. తెర అవతల జనం కూర్చునే ఉన్నారు.

“ఎద్దేటి? ముందది చెప్పు సౌరభ్. ఎద్దేటి?”

“ఏ ఎద్దు మాస్టారూ?”

“నన్నడుగుతావేటి! తనూజ లేచి, వచ్చీరాని తెలుగులో ‘సార్, మీరు కాలు విరగ్గొట్టిన ఎద్దు బతికే ఉందా’ అనడిగింది. హాలంతా జాలిగా నాకేసి చూసింది. నా జన్మలో నేను ఎద్దుని తోలేనా? బడిపంతుల్ని.”

“చిన్నపిల్ల... ఏదో కలిపేసుకునుంటాది.”

“చిన్నపిల్లేటి, కాలేజీలో చదువుతంది. ఎనిమిది నెలలై వారం వారం నా సాక్ష్యం చెప్తన్నాను. తాగుడు, కోపం, ఇదిగో సరస్వతి చెయ్యి విరగ్గొట్టడం, ప్రభువు నన్ను మార్చడం. ఇందులో ఎద్దెక్కడిది?”

“టీ చల్లారిపోతంది. తాగండి.”

“నువ్వుండు సరస్వతీ. నీకు తెలీదు. వీడు నా మాట తిప్పేసేడు.”

“తిప్పలేదు మాస్టారూ. కసమ్ సే, ఒట్టు. తాగుడు చెప్పేను, కోపం చెప్పేను, ప్రభువుని చెప్పేను. ఒక్కటే...”

“ఒక్కటే?”

“అమ్మ బదులు ఎద్దుని పెట్టేను.”

“ఛీ!”

“చెయ్యి బదులు కాలు. మిగతాదంతా మీరు చెప్పిందే.”

“ఛీ, ఛీ. మరి ఆ ఏడుపులు? నాలుగో వారం ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు గదా. నా కళ్లారా చూసేను.”

“ఎద్దు కోసం. ఆ వారం దాన్ని చంపేద్దామనుకున్నాను. మరీ ఏడుత్తన్నారని బతికించేను.”

“విన్నావా సరస్వతీ? కట్టుకున్న ఆడదాన్ని పశువుని చేసేడు. వీణ్ణి నమ్ముకుని టెక్కలి నుంచి ఈ మసిలోకొచ్చేం. తెలుగోళ్ల పిల్లలు, తెలుగు రాదు. తెలుగొచ్చినవాడు, ఇదిగో ఇలాటోడు. ఈడి నోటంటా దేవుడి మాట!”

“ఎద్దని నాకు తెలుసు.”

“ఏటీ?”

“మొదట్నుంచీ తెలుసు. బోరింగు కాడ ఆడవాళ్లు దాని పేరేటని అడిగేరు.”

“ఏం చెప్పేవు?”

“సింహాద్రని చెప్పేను.”

“మీ ఇద్దరికీ మతిపోయిందేటి!”

“నేనే వద్దన్నాను. ఇక్కడికొచ్చిన రోజే, తరగతి మొదలవకముందే. నా చెయ్యి సంగతి చెప్పకు బాబూ అని వీడికి దండం పెట్టేను. ఎద్దు మాత్రం వీడి సొంతం.”

“మరేటి చెయ్యనమ్మా? మాస్టారు పావుగంట చెప్తారు. నేను రెండు ముక్కల్లో ఆపేత్తే దొరికిపోనూ? టైమ్ నింపాల గదా. అప్పటికి ఎద్దు తట్టింది.”

“నోర్ముయ్ సౌరభ్. ఎందుకు వద్దన్నావు సరస్వతీ? అది నా సాక్ష్యం.”

“చెయ్యి నాది.”

“నీదే, ఎవరు కాదన్నారు...”

“పలాస, పర్లాకిమిడి, రాయగడ. ఏ ఊరెళ్లినా ‘లెగు సరస్వతీ, చూపించు.’ నేను లేచి, జాకెట్టు చెయ్యి పైకి లాగి, వంకర మోచెయ్యి చూపించాల. ఆడవాళ్లొచ్చి ముట్టుకు చూత్తారు. ముట్టుకునేది నన్ను, దండం పెట్టేది మీకు. నాకు ఒళ్లంతా కంపరం.”

“దేవుడి మహిమ కోసమే కదా...”

“పాసిపోయిన కూడు. ఊరికోసారి వేడిచేసి వడ్డిత్తారు మీరు. ఇక్కడ ఎనిమిది నెల్లై ఎవరూ నా మోచేతికేసి చూళ్లేదు. తిన్నది ఒంటబట్టింది.”

“సరే. అదంతా ఇంటికెళ్లి మాటాడుకుందాం. నడండి. సౌరభ్, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. ఇవాళ రజని వినాల.”

“రజని ముందొద్దు మాస్టారూ.”

“ఎందుకొద్దు? దాని మొగుడు దుర్గాప్రసాద్, అత్తగారూ పర్సుడీహ్ నుంచి వచ్చి ముందు బెంచీలో కూచున్నారు. నేనే రమ్మన్నాను. రెండు దెబ్బలకే నెల్లాళ్లై పుట్టింట్లో కూచుందది. నా సాక్ష్యం వినాల. సరస్వతిని చూడాల. ఓర్చుకుంటే మొగుడు మారతాడని తెలుసుకోవాల. ఇవాళే వాళ్లతో ఆటో ఎక్కి ఇంటికెళ్లాల.”

“రెండు దెబ్బలు కాదు. దవడ వాచిపోయి నమల్లేకపోయింది. వారం రోజులు మేం ఆడవాళ్లం జావ పట్టేం.”

“పట్టేరు, సంతోషం. ఇప్పుడు మానింది గదా. మానిపోయినదాని గురించి ఎంతకాలం?”

“మీకు తెలీదు మాస్టారూ. ఆ దుర్గాప్రసాద్ నాతోపాటే ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని చేత్తాడు. ఎలా కొట్టేడో కేంటీన్‌లో చేతులూపి చూపించేడు. నవ్వుతా చూపించేడు. నేను టిఫిన్ డబ్బా మూసేసి లేచొచ్చేసేను.”

“నేను మాత్రం అలా కొట్టలేదా? మారలేదా?”

“మీకేం తెలుసు వాడు మారతాడని?”

“నేను మారేను గదా. ఏం సరస్వతీ, చెప్పు వీడికి. నేను మారలేదా?”

“టీ తాగండి.”

“ఎంతసేపూ టీ! సౌరభ్, నడు.”

“నేను చెప్పను మాస్టారూ. ఎద్దంటే నా నోటంటా వచ్చింది. ‘వెళ్లి మళ్లీ తన్నులు తిను’ అనడం నా వల్ల కాదు.”

“తన్నులు తినమని ఎవడన్నాడు? ఓర్చుకోమన్నాను.”

“హిందీలో రెండూ ఒకటేలా వినపడతాయి రజనికి.”

“అయితే మిషన్‌కి ఉత్తరం రాత్తాను. నిన్ను తరగతిలోంచి తీసేత్తారు.”

“తీసేయమనండి. వారమంతా మసిలో పనిచేత్తాను, అది సబ్బెట్టి రుద్దితే పోద్ది. ఇది పోదు.”

“ఇదిగో, అవతల బెంచీలు కదుల్తన్నాయి. వాళ్లు లేచిపోతారు. నాకా ఆ భాష రాదు. ఇప్పుడెవరు చెప్తారు?”

“నేను చెప్తాను.”

“నువ్వా? నీకొచ్చిన నాలుగు ముక్కల్తోనా?”

“వచ్చు. ఆడవాళ్లు నేర్పేరు. రజనే ఎక్కువ నేర్పింది.”

“అదీ మాట! నువ్వే చెప్తే ఇంకా బరువు. దెబ్బలు తిన్నదే లేచి చెప్తే ఏ ఆడది కాదంటాది? చెయ్యి చూపించు. ముందది చూపించు.”

“చెయ్యి చూపించను. మాటే చెప్తాను.”

“సరే, సరే, మాటే చెప్పు. గట్టిగా చెప్పు. వెనకోళ్లకి కూడా వినపడాల.”

“వినపడతాది. జరగండి, తెర తియ్యనియ్యండి.”

“అమ్మా, మీరెందుకు? నేనేదో ఒకటి చెప్పి పంపించేత్తాను...”

“నువ్వుండు బాబూ. ఎనిమిది నెల్లు నా బదులు నువ్వే చెప్పేవు. చాలు... రజనీ! సునో బేటీ. మైనే చాలీస్ సాల్ సహా. ఇస్ మంగల్ కో ఫిర్ మారా. తుమ్హారే సాథ్ హిందీ మే హఁసీ, ఇసీలియే. తుమ్ మత్ జానా.”

“బాగా చెప్తంది. తడబడకుండా చెప్తంది... ఇదేటి, అందరూ ఇలా నాకేసి తిరిగేరు? రజని వాళ్లత్త చెయ్యి విదిలించేసిందేటి? సౌరభ్, ఏటంది ఇది? తెలుగులో చెప్పు నాకు.”

“రజనితో అన్నారు మాస్టారూ... ‘నేను నలభై ఏళ్లు ఓర్చుకున్నాను. ఈ మంగళవారం మళ్లీ కొట్టేరు, నీతో హిందీలో మాటాడి నవ్వినందుకు. నువ్వెళ్లకు’ అని.”